వచ్చినవారు అతిథా, ఇంటివారా?

అతిథి అంటే తిథి లేనివాడు అని చిన్నప్పుడు మా తెలుగు మేష్టారు చెప్పేవారు. ఫలానా రోజు వస్తానని కబురు పెట్టకుండా, సరిగ్గా మనం కంచాల ముందు కూచునే వేళకి గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడన్నమాట! అలాంటివాణ్ణి ఆదరించడంలో ఓ సుఖం ఉంది. ముందుగా తెలీదు గనక ఆడంబరానికి వ్యవధి ఉండదు. ఉన్నదేదో పెడతాం. చాలకపోతే పక్కింట్లోంచి గ్లాసుడు బియ్యమో, గిన్నెడు పెరుగో చేబదులు తెస్తాం. ఆయన తిని, చల్లగా ఉండమని దీవించి వెళ్ళిపోతాడు. అంతటితో సరి.

లోకంలో ఇంకోరకం అతిథి కూడా ఉన్నాడు. ఈయనకి తిథి, వారంతోబాటు విమానం నంబరూ, హోటలు గది నంబరూ కూడా నెలల ముందే ఖాయమైపోతాయి. ఏం తింటాడు, ఏం తినడు, ఎన్నింటికి నిద్ర లేస్తాడు అన్నీ ముందే రాసి కనుక్కుంటారు. ఆయన ఫొటో అచ్చు వేస్తారు. పిలిచేవాళ్ళు బంధువులు కారు, స్నేహితులు కారు, చాలామంది ఆయన్ని ఒక్కసారైనా చూసినవాళ్ళే కారు! అయినా ఎయిర్‌పోర్టులో ఆయన కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తారు. ఈయన పేరు గౌరవ అతిథి.

ఈ రెండోరకం అతిథి గురించి ఆలోచించే అవసరం నాకు మా అక్క కూతురి వల్ల కలిగింది. ఆ పిల్ల ఉద్యోగరీత్యా యూరప్‌లో ఉంటోంది. అక్కడ ఏటా ఒక కన్వెన్షన్ జరుగుతుందిట. బల్ల చుట్టూ కూచుని ఆడుకునే ఆటలకి జాతర లాంటిదనుకోండి. సముద్రాలు దాటి దానికి వచ్చే గౌరవ అతిథి బాగోగులు చూసే పని ఈ పిల్ల నెత్తిన వేసుకుంది. జీతం లేదు, భత్యం లేదు, పైగా ఆఫీసుకి రెండు రోజులు సెలవు! "ఎవరే ఆయన? మంత్రిగారా, సినిమా హీరోనా?" అన్నాను. "కాదు పిన్నీ, ఆటలు తయారుచేస్తాడు" అంది.

ఆటలు తయారుచేసేవాడికి పూలగుత్తులా అని నవ్వొచ్చిన మాట నిజం. కానీ ఆ ఆటలేమిటో తెలుసుకున్నాక నవ్వు ఆగి ఆలోచన మొదలైంది.

మీకు బొమ్మల పెళ్ళిళ్ళు జ్ఞాపకమున్నాయా? ఒకమ్మాయి పెళ్ళికూతురి తల్లి, ఒకమ్మాయి వియ్యపురాలు, జంధ్యం కోసం దారం ముక్క వేసుకున్న ఏ తమ్ముడో పురోహితుడు. వియ్యపురాలు అలగాలి. అలిగి తీరాలి! కానీ దేనికి అలుగుతుందో, ఎంతసేపు అలుగుతుందో ఎవరూ ముందుగా రాసిపెట్టలేదు. ఆ క్షణాన ఆ పిల్లకి ఏం తోస్తే అదే కథ. దానికి కాస్త కట్టుదిట్టమైన నిబంధనలు చేర్చి, అలక తీరిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక వేసి తేల్చారనుకోండి, అవే ఈ రోల్ ప్లేయింగ్ గేమ్‌లు. ఒకరు కథ నడిపేవాళ్ళు, వాళ్ళని గేమ్ మాస్టర్ అంటారు. మిగతా నలుగురైదుగురూ తలా ఒక పాత్ర. వీరుడు, మంత్రగత్తె, దొంగ, వైద్యుడు. ఒక కథ ఒక సాయంత్రంలో అయిపోవచ్చు. పదేళ్ళు సాగనూవచ్చు. మన టీవీ సీరియళ్ళే నయమంటారా? అనండి! అయితే సీరియల్లో మనం చూస్తూ కూచుంటాం. ఇక్కడ కథలోకి దిగుతాం. ఆ తేడా చాలా పెద్దది.

ఈ తరహా ఆటల్లో మొట్టమొదట అచ్చయి అమ్మకానికి వచ్చినది డంజన్స్ అండ్ డ్రాగన్స్. అది 1974లో అమెరికాలో వెలువడింది. కర్తలు ఇద్దరు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. గైగాక్స్‌గారిది విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరు. ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం పోయి, ఇంట్లో చెప్పులు కుట్టి సంసారం ఈదిన మనిషి. మొదట అచ్చు వేసినవి వెయ్యి పెట్టెలే. వాటిని కూడా ఇంట్లో కూచుని చేత్తోనే సర్దారు.

అంతకు ఆరేళ్ళ ముందు, 1968లో, ఆయన తన ఊళ్ళో ఉద్యానవన సంఘంవారి హాలు యాభై డాలర్లకి అద్దెకి తీసుకుని యుద్ధతంత్రాల ఆటలు ఆడేవాళ్ళందర్నీ పిలిచారు. రమారమి వందమంది వచ్చారు. జెన్ కాన్ అనే ఆ ముచ్చట ఇప్పుడు ఇండియానాపోలిస్ నగరంలో జరుగుతుంది. 2024లో డెబ్బై వేలమందికి పైగా వచ్చారు. జర్మనీలో ఎస్సెన్ అనే ఊళ్ళో 1983లో మొదలైన ఆటల ప్రదర్శనకైతే 2024లో నాలుగు రోజుల్లో రెండు లక్షలమంది దాటారు. ఫిన్లండ్‌లో 1994 నుంచీ రోపెకాన్ అని జరుగుతోంది. ఇన్నేళ్ళుగా దాన్ని నడిపేది జీతం పుచ్చుకోని అభిమానులే. చాలా ఏళ్ళు ఎస్పూలోని దిపోలి అనే భవనంలో జరిపి, 2016 నుంచి హెల్సింకిలోని పెద్ద ప్రదర్శనశాలకి మార్చారు. పరాయి దేశాలనుంచి గౌరవ అతిథుల్ని పిలవడం అక్కడ ఆనవాయితీ.

జీతం లేకుండా ఇంత పని ఎవరు చేస్తారని మీకు అనుమానం రావచ్చు. ఫిన్లండ్‌వాళ్ళకి తల్కోత్ అని ఓ పాత ఆచారం ఉంది. ఒకరింట్లో పెద్ద పని పడితే ఇరుగుపొరుగులంతా చేరి కూలి లేకుండా చేసి పెడతారు. ఇంటివాళ్ళు భోజనం పెడతారు. మనకిది కొత్తా? పెళ్ళివారింట్లో అప్పడాలు ఒత్తడానికి వీధిలో ఆడవాళ్ళంతా పీటలు పట్టుకుని బయల్దేరడం లేదూ? అదే ఇది.

సరే, ఈ గౌరవ అతిథి అనే పదవి ఎక్కణ్ణించి వచ్చింది? ఈ ఆటల సంబరాలకి సైన్సు కథల అభిమానుల సభలు అక్క వరస. 1939 జూలైలో న్యూయార్కులో ప్రపంచ సైన్సు కథల మహాసభ మొదటిసారి జరిగింది. వచ్చినవాళ్ళు సుమారు రెండొందలమంది. గౌరవ అతిథి ఎవరో తెలుసా? కథకుడు కాదు. పత్రికలకి ముఖచిత్రాలు వేసే ఫ్రాంక్ ఆర్. పాల్ అనే చిత్రకారుడు. చంద్రమండలం మీద ఊళ్ళూ, ఆకాశంలో ఓడలూ ఆ కుర్రాళ్ళకి మొదట కళ్ళకి కట్టించింది ఆయన కుంచె. కథ రాసినవాళ్ళని కాకుండా బొమ్మ వేసినాయన్ని ముందు పీట మీద కూచోబెట్టిన ఆ అభిమానుల మనసు నాకు నచ్చింది. పుస్తకం మీద బొమ్మ వేసినవారి పేరు మనలో ఎంతమందిమి చదువుతాం చెప్పండి?

అయితే అదే సభలో ఇంకొకటి జరిగింది. నిర్వాహకులకీ ఇంకో అభిమాన బృందానికీ పడదు. ఆ బృందంలో ఆరుగుర్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. లోపల ఒకాయనకి చప్పట్లు, బయట ఆరుగురికి తలుపు మూత! పెళ్ళిపందిట్లో ఒకర్ని సింహాసనం ఎక్కిస్తూ, ఇంకొకర్ని పిలవనే లేదని తెలిస్తే ఆ పెళ్ళి మనకెలా ఉంటుంది? ఆ ఆరుగురిలో ఒకరు ఫ్రెడరిక్ పోల్. ఆయన తర్వాత పేరుపడ్డ రచయిత అయ్యారు. అదే ప్రపంచ మహాసభ 1972లో లాస్ ఏంజెలెస్‌లో జరిగినప్పుడు ఆయన్నే గౌరవ అతిథిగా పిలిచారు. ముప్ఫై మూడేళ్ళు పట్టింది ఆ తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి. ఒకరికి స్వాగతం చెప్పే హడావిడిలో ఎవరు వీధిలో నిలబడిపోయారో చూసుకోవడం ఇంటివాళ్ళ మొదటి ధర్మమని నేననుకుంటాను. వచ్చిన గొప్పవాడి సంగతి తర్వాత.

ఇంకో ముచ్చట. 1952లో షికాగోలో సభ. ఐర్లండులో బెల్‌ఫాస్ట్ అనే ఊళ్ళో వాల్ట్ విల్లిస్ అని ఒకాయన ఉండేవారు. చిన్న పత్రికని స్వయంగా అక్షరాలు కూర్చి అచ్చువేసి సముద్రం అవతల స్నేహితులకి పంచేవారు. పుస్తకాలమ్ముకుని పేరు గడించినవారు కాదు, ఆయనా ఓ అభిమానే. అమెరికాకి టిక్కెట్టు కొనుక్కునే తాహతు లేదు. అక్కడి అభిమానులు తలా కాస్తా వేసుకుని ఆయన్ని రప్పించుకున్నారు. మర్నాడు సంవత్సరం, 1953లో, అట్లాంటిక్ సముద్రానికి అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ ఒక్కొక్క అభిమానిని ఓట్లు వేసి ఎన్నుకుని పంపేందుకు శాశ్వతంగా ఒక నిధి పెట్టారు. అంటే గౌరవించాలంటే ఎదటివాడు మనకంటె ఎత్తున ఉండనక్కర్లేదన్నమాట. మనలాంటివాణ్ణే పిలిచి, కాళ్ళకి నీళ్ళిచ్చి, నీ ఉత్తరాలు మాకెంత ఆనందాన్నిచ్చాయో చెప్పొచ్చు. అమెరికాలో మనవాళ్ళు 1977 నుంచీ జరుపుకుంటున్న తెలుగు మహాసభలకి వెళ్ళొచ్చిన రచయితలు కూడా వేదికల గురించి తక్కువా, తమని ఇంట్లో దింపుకుని పప్పూ గోంగూరా వండిపెట్టిన ఇల్లాళ్ళ గురించి ఎక్కువా చెబుతారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఈ ఆటల సంబరంలో అతిథి ఎవరు, ఇంటివారెవరు?

నాబోటి నవలారచయిత్రి సంగతి తీసుకోండి. కథ అంతా నేనే రాస్తాను. పెళ్ళి చేసేదీ నేనే, విడదీసేదీ నేనే. చదివేవాళ్ళు ఏడవగలరు, తిట్టగలరు, "ఆ పిల్లని చంపకుండా ఉంటే మీ సొమ్మేం పోయింది?" అని ఉత్తరం రాయగలరు. అంతకంటె ఏం చెయ్యలేరు. కానీ ఆట తయారుచేసినాయన కథ రాయడు. గోడలు కట్టి, కప్పు వేసి, తలుపులు తీసిపెట్టి తప్పుకుంటాడు. ఆ ఇంట్లోకి ముక్కూమొహం తెలియని కుర్రకారు వచ్చి కాపురం పెడతారు. వాళ్ళ వాళ్ళ కథలు వాళ్ళవే. ఎక్కడో ఒక ఊళ్ళో అయిదుగురు స్నేహితులు ప్రతి శుక్రవారం రాత్రీ ఇరవై ఏళ్ళుగా కలుస్తున్నారంటే, వాళ్ళ పెళ్ళిళ్ళకీ, ఉద్యోగాలు పోయినప్పటి బెంగకీ, తల్లిదండ్రులు పోయినప్పటి దుఃఖానికీ ఆ బల్లే సాక్షి. ఆ సంగతులేవీ ఇల్లు కట్టినాయనకి తెలీవు.

అలా చూస్తే ఇన్నేళ్ళూ అతిథులు వీళ్ళే. ఆయనింట్లో ఉన్నారు. ఇవాళ ఆయన విమానం దిగితే ఇంటాయన వచ్చాడన్నమాట! అద్దెకున్నవాళ్ళు ఇంటాయన్ని చూసి పడే కంగారు మనకు తెలుసు. వీళ్ళ కంగారు మాత్రం వేరు. "మీ ఇల్లు పాడుచెయ్యలేదండీ, చూడండి, ఎంత బాగా ఉంచుకున్నామో" అని చూపించుకోవాలనే ఆరాటం అది. అందుకే అట్టలు ఊడిపోయి, కాఫీ మరకలు పడ్డ పాత నిబంధనల పుస్తకాలే సంతకానికి తెస్తారు. కొత్త ప్రతి కొనుక్కుని తెచ్చినవాళ్ళు తక్కువ.

కానీ మనిషి మసలని ఇల్లు పాడుపడుతుందని మన పెద్దవాళ్ళంటారు. ఆడేవాళ్ళే లేకపోతే ఆ పెట్టెలు ఏ అటకమీదో ఎలకలు కొట్టేసేవి. మరి రుణపడింది వీళ్ళా, ఆయనా?

మన వ్రతాల్లో వాయనం ఉంది చూశారూ, దాంట్లో నాకు సమాధానం కనిపిస్తుంది. పక్కింటావిడని పిలిచి, కాళ్ళకి పసుపు రాసి, పీట మీద కూచోబెట్టి, "ఇస్తినమ్మ వాయనం" అంటాం. ఆవిడ "పుచ్చుకుంటినమ్మ వాయనం" అంటుంది. నిన్న కుళాయి దగ్గర ఆవిడతోనే బిందె కోసం మాటామాటా వచ్చి ఉండవచ్చు. అయినా ఆ అయిదు నిమిషాలూ ఆవిడ సాక్షాత్తూ గౌరీదేవే. ఆవిడ గుణగణాలు చూసి ఇస్తున్నామా? లేదు. ఆవిడలో ఒక తల్లిని చూసి ఇస్తున్నాం. పుచ్చుకున్నావిడ కూడా అది తన గొప్పతనమని పొంగిపోదు. కొంగు పట్టి, తీసుకుని, శనగలు ఇంటికి పట్టుకెళ్ళి పిల్లలకి పెడుతుంది. మర్నాడు మన వంతు. ఆవిడింట్లో మనం గౌరీదేవులం! అప్పూ లేదు, తీర్చడమూ లేదు. చెయ్యి మారుతూ ఉంటుందంతే.

గౌరవ అతిథి అంటే ఈ వాయనం పుచ్చుకునే ముత్తయిదువే అనిపిస్తుంది నాకు. అభిమానులు తమ జీవితంలోని ఒక పెద్ద ఆనందానికి దణ్ణం పెట్టుకోవాలి. ఆనందం కుర్చీలో కూచోదుగా! అందుకని ఆయన్ని కూచోబెడతారు. ఆయన చెయ్యవలసిందల్లా దాన్ని మర్యాదగా పుచ్చుకోవడం. వద్దు వద్దు అని మెలికలు తిరిగితే ఇచ్చేవాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. ఇదంతా నా సొంతమని ఇంటికెళ్ళి రోజూ పసుపు రాయించుకోవాలని చూస్తే నవ్వులపాలవుతాడు. ఈ రెంటికీ మధ్య నడవడం కత్తిమీద సాము. మన ఊళ్ళల్లో శాలువాలు కప్పించుకోవడం మరిగి, కప్పేవాళ్ళ పేర్లయినా అడగనివాళ్ళని మీరూ చూసే ఉంటారు.

ఇంకో చిక్కుంది. వాయనం ఒకరికిస్తే, ఇవ్వవలసిన రెండో ఆవిడ ఎదురుగా నిలబడి చూస్తుంటే? డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి కర్తలిద్దరని చెప్పాను కదా. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రగా మారి ఏళ్ళతరబడి కథలో కొనసాగే పద్ధతి ముందు తన స్నేహితులతో ఆడినది ఆర్నెసన్. దాన్ని ఆయన దగ్గర చూసి, నిబంధనలుగా కూర్చి, పుస్తకంగా నిలబెట్టినది గైగాక్స్. తర్వాత వచ్చిన పెద్ద పుస్తకాల మీద ఒక్క గైగాక్స్ పేరే ఉండేసరికి, 1979లో ఆర్నెసన్ కోర్టుకెక్కారు. 1981లో రాజీ పడ్డారు. 1985లో గైగాక్స్‌కి కూడా తన సొంత కంపెనీ మీద పట్టు పోయింది. ఇటువంటి కథలు మన ఉమ్మడి కుటుంబాల్లో బోలెడు. విత్తనం ఒకరిది, సేద్యం ఒకరిది, పంట దగ్గర తగువు! అభిమానులు ఎవరి మెడలో దండ వేసినా రెండో మెడ బోసిగా కనిపిస్తుంది.

అసలు మూడో మనిషి కూడా ఉంది. గైగాక్స్‌గారి భార్య గురించి ఒక కథ చెప్పుకుంటారు. పెళ్ళయిన కొత్తల్లో ఈయన రాత్రిళ్ళు ఇంటికి రాకుండా ఎక్కడికో పోతుంటే, పరాయి ఆడదాని దగ్గరికేమోనని ఆవిడకి అనుమానం. రెండో కానుపు మోస్తూ, ఆ మనిషి ఓ రాత్రి స్నేహితుడి ఇంటి కింద గదిలోకి దిగి చూస్తే ఏముంది? మ్యాపులు పరిచిన బల్ల చుట్టూ మగవాళ్ళంతా వొంగి కూచున్నారు! ఊరట పడాలో, బల్ల తిరగెయ్యాలో ఆవిడకి ఒక్క క్షణం పాలుపోయి ఉండదు. ఆ కొత్త ఆట మొదట ఆడి చూసింది ఆవిడ కన్నపిల్లలే. ఉద్యోగం పోయి, చెప్పులు కుట్టుకునే రోజుల్లో ఆ ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసింది ఎవరో ఏ పుస్తకం వెనక అట్టమీదా ఉండదు. గౌరవ అతిథి ఒంటరిగా వేదిక ఎక్కుతాడు గాని, ఒంటరిగా అక్కడిదాకా రాలేదు. ఇంత మాత్రం ఆయన మైకు ముందు ఒక్కసారి తలుచుకుంటే చాలు, వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళంతా గుర్తుపెట్టుకుంటారు.

ఇంతకీ మా పిల్ల చెప్పిన సంగతి చెప్పాలి. ఏ ఊరో, ఎవరాయనో చెప్పను. అది తనకిష్టం ఉండదు. వచ్చిన పెద్దాయన గంటసేపు సంతకాలు పెట్టాలని ఏర్పాటు. గంట తర్వాత ఆ గది ఇంకొకరికి ఇవ్వాలి. వరస చాలా పొడుగుంది. మధ్యలో ముప్ఫై ఏళ్ళ అబ్బాయొకడు పుస్తకం కాకుండా, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఒక మడత కాగితం తీశాడు. చనిపోయిన తన అన్న ఆడిన పాత్ర వివరాలు రాసుకున్న కాగితమది. పెన్సిల్‌తో రాసి, చెరిపి, మళ్ళీ రాసి, చిరిగిపోయేంత పల్చబడింది. పెద్దాయన దాన్ని పైనుంచి కిందిదాకా చదివారు. అన్న ఎలాంటివాడని అడిగారు. పాత్రకి ఆ పేరెందుకు పెట్టాడని అడిగారు. పావుగంట గడిచింది. చివరికి, "ఇది నేను రాసింది కాదు బాబూ, మీ అన్న రాసింది" అంటూ కాగితం అడుగున, ఎక్కడా అన్న చేతిరాతకి తగలకుండా, చిన్నగా సంతకం చేశారు.

గంట అయిపోయింది. వరసలో చివరి పదకొండుమంది ఉత్త చేతులతో మిగిలారు. అందులో పిల్లని వెంటబెట్టుకుని రాత్రంతా రైల్లో వచ్చిన ఒక తల్లి కూడా ఉందిట. ఆయన భుజం మీద తట్టి, టైమవుతోందని చెప్పవలసిన బాధ్యత మా పిల్లది. తట్టలేదు. "తట్టాల్సిందా పిన్నీ?" అని అడిగింది.

మీరైతే ఏం చెబుతారు?

మన ఇళ్ళల్లో పంక్తిభేదం మహాపాపమంటారు. ఒకే వరసలో కూచున్నవాళ్ళలో ఒకరికి నెయ్యి గరిటెడు, ఇంకొకరికి చుక్క వెయ్యకూడదు. ఆ లెక్కన అందరికీ సమానంగా తలా నిమిషమే ఇవ్వాలి. కానీ అదే పంక్తిలో జ్వరంపడి లేచినవాడుంటే వాడికి విడిగా జావ కాచి పోస్తాం. అది పంక్తిభేదమని ఎవరూ అనరు. ఆ అబ్బాయి ఆకలి మిగతావాళ్ళ ఆకలిలాంటిది కాదు. అందుచేత పెద్దాయన చేసింది సబబే, తట్టకపోవడమూ సబబే. కానీ పదకొండు విస్తళ్ళు ఖాళీగా ఉండిపోయాయే! ఒక విస్తట్లో ఎక్కువ పడినందుకు దోషం లేదు గాని, చివరి విస్తరి ఖాళీగా ఉండటం దోషమే. ఆ దోషం వడ్డించినవాళ్ళది కాదు, ఎసరు పెట్టినవాళ్ళది. జ్వరంవాడొకడు ఉంటాడని ముందే అనుకుని, రెండు గుప్పిళ్ళు ఎక్కువ బియ్యం పొయ్యడం ఇల్లాలి తెలివి. గంటకి అరవైమందిని లెక్కకట్టకుండా నలభైమందితో వరస ఆపేస్తే, ఆ పావుగంట ఎవరి నోటి దగ్గరిదీ లాక్కున్నట్టుండేది కాదు. ఇదే రాశాను మా పిల్లకి.

జరిగిందేమిటంటే, ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్దాయనే అడిగారుట, వెనక్కి వెళ్ళినవాళ్ళెందరని. మర్నాడు ఉదయం హోటలు కాఫీ బల్ల దగ్గర కూచున్నారు. వెతకగా ఏడుగురు దొరికారు. రైల్లో వచ్చిన తల్లీ కూతుళ్ళు దొరికారు. నలుగురు దొరకలేదు. ఊరు వెళ్ళిపోయారు. ఆ నలుగురి బాకీ అలా ఉండిపోయింది. ఎంత పెద్ద మనసున్నా మనిషి దగ్గరున్నవి ఇరవై నాలుగు గంటలే. ఒకరికి మనసారా ఇచ్చిన కాలం ఇంకెవరికో ఇవ్వని కాలమే. ఇంట్లో నలుగురు పిల్లలున్న తల్లికి ఈ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. అందరికీ సమానంగా పంచాలంటే రబ్బరుస్టాంపులాగా పంచాలి. మనిషిలాగా పంచాలంటే ఎక్కడో కొరత పడుతుంది. ఆ కొరతని కొరతగా గుర్తుపెట్టుకోవడం ఒక్కటే మనం చెయ్యగలిగింది.

గైగాక్స్‌గారు తన కంపెనీ చేజారిపోయాక కూడా చాలా ఏళ్ళు బతికారు. చివరి రోజుల దాకా లేక్ జెనీవాలో తన ఇంటి వరండాలో బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళతో ఆడేవారు. 2008 మార్చిలో పోయారు. ఆ మరుసటి ఏడు ఆర్నెసన్ పోయారు. గైగాక్స్‌గారి అంత్యక్రియలయ్యాక, వచ్చినవాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోకుండా ఊళ్ళో ఒక హాల్లో చేరి, ఆయన ఆటలే ఆడుకున్నారు. 2009 నుంచి అది గ్యారీ కాన్ అనే పేరుతో ఏటా జరిగే సంబరమైంది. పిలవవలసిన మనిషే లేని సంబరం! అయినా ఏటా దూరాభారాలనుంచి జనం వస్తున్నారు. అతిథి లేకపోయినా ఆతిథ్యం ఆగలేదంటే, మొదట్నుంచీ వాళ్ళు మొక్కింది ఆ ఒక్క మనిషికే కాదని తేలిపోయింది కదా.

మరి మన అష్టాచెమ్మా కనిపెట్టినదెవరు? వామనగుంటల్లో చింతగింజలు మొదట పోసిన మహాతల్లి ఎవరు? పులి-మేక గీతలు గుడి అరుగు మీద మొదట గీసినదెవరు? తెలీదు. ఏ విమానం టిక్కెట్టు కొన్నా వాళ్ళని పిలవలేం. ఏ శాలువా వాళ్ళ భుజాలకి అందదు. కానీ వేసవి మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఓ అమ్మమ్మ గచ్చు మీద సుద్దముక్కతో అయిదు వరసల గళ్ళు గీసి, నాలుగు గవ్వలు మనవరాలి చేతిలో పోసి, "వెయ్యవే" అంటుంది చూడండి, ఆ తల్లికి అదే గౌరవం. ఫిన్లండులో పూలగుత్తి పుచ్చుకునే పెద్దాయనకి కూడా చివరికి మిగిలేది అదే. ఆయన పేరు మర్చిపోయిన పిల్లలెవరో ఆయన పాచికలు వేసుకుంటూ కేకలు పెడుతుంటారు.

అంతవరకూ, మనిషి ఇంకా ఉన్నాడు గనక, పీట వేసి కూచోబెట్టడంలో తప్పులేదు. వీధి గుమ్మంలో ఎవరైనా నిలబడిపోయారేమో ఒకసారి చూసి, రెండు గుప్పిళ్ళ బియ్యం ఎక్కువ పోసి, మరీ కూచోబెడదాం.